ఏటా ఎన్నికలు, ఇంటి ముందుకే బస్సు

మా వదిన ఇంద్రజ గుడ్డసంచిలో ఒక చీర, ఒక తువ్వాలు, ఓటరు కార్డు పెట్టి మూతి ముడేసింది. ఆమె కాఫీ తాగడానికి అటు వెళ్ళగానే నేను ఆ ముడి విప్పాను. ఇంకో చీర పెట్టాను. బీపీ మాత్రలు, టార్చిలైటు, పల్చటి దుప్పటి, పులిహోర పొట్లం, నిమ్మకాయ ఊరగాయ పెట్టాను. మా ఇంటి అడ్రసు రాసిన చీటీ ఒకటి, అది తడిసిపోతే పనికొస్తుందని ప్లాస్టిక్ కవరులో చుట్టిన చీటీ ఇంకొకటి పెట్టాను.

ఆమె వెళ్ళేది ఒక్క రాత్రికి. మద్రాసులోని మా పెరంబూరు నుంచి సూళ్ళూరుపేట అవతల ఉన్న ఒక పల్లెకు. ఓటు వెయ్యడానికి!

తిరిగొచ్చి సంచి ఎత్తి చూసింది. “ఏందిమే మంగా ఇది? నన్ను ఓటుకు పంపిస్తా ఉండావా, కాపరానికి పంపిస్తా ఉండావా?”

నేను సంచి మూతి మళ్ళీ ముడేశాను. ఇంట్లో ఎవరు సంచి సర్దినా నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉండిపోవడం చిన్నప్పట్నుంచీ చూసినదాన్ని. వీధి చివరకు కొత్తిమీర తెస్తానని వెళ్ళిన మా ఆయన కాస్త ఆలస్యం చేస్తే చాలు, దగ్గర్లో ఉన్న ఆస్పత్రుల పేర్లన్నీ మనసులో వల్లె వేసుకుంటాను.

అయినా సరే, పాఠకులారా, గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాను. ఎన్నికలంత గొప్ప వరం మనకు ఇంకొకటి లేదు. అయిదేళ్ళకొకసారి రావడమే వాటిలో ఉన్న లోపం. ఏటేటా రావాలి. ఉగాదికి పంచాంగం మార్చుకున్నట్టు ప్రభుత్వాన్నీ మార్చుకోవాలి!

మైకుల గోల అని మీరంటారు. మా ఆయన వీరరాఘవులు రైలు పెట్టెల కోచ్ ఫ్యాక్టరీలో రేకుల మీద సుత్తి మోతలు విని విని రిటైరయ్యే నాటికి రెండు చెవులూ అక్కడే వదిలేసి వచ్చాడు. మామూలు రోజుల్లో ఆయన్ను అన్నానికి పిలవాలంటే వీధి మొత్తానికి మా ఇంట్లో ఏం కూరో తెలిసిపోతుంది. ఎన్నికలప్పుడు ఆటోకు కట్టిన మైకు మా గుమ్మం ముందు ఆగితే, ‘ఎవరో పిలుస్తున్నట్టుందే’ అని ఆయనంతట ఆయనే లేచి వస్తాడు. చెవుల డాక్టరు చెయ్యలేని పని ఒక వార్డు అభ్యర్థి చేశాడు. ఇంతకంటే ఆరోగ్య పథకం ఏముంటుంది?

ఫోన్ల గోల అని కూడా అంటారు. పొద్దున్నే ఫోనెత్తితే రికార్డు చేసిన గొంతు ‘వణక్కం అమ్మా’ అంటుంది. అది తన మానాన తను మాట్లాడుతుందే గానీ మనం చెప్పేది వినదని మీ ఫిర్యాదు. మీ ఇంట్లో మీరు చెప్పేది ఎవరు వింటున్నారు? ఆ గొంతు కనీసం అమ్మా అంటుంది కదా!

పోయిన ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి ఓట్లు అడుగుతూ మా పళని ఇస్త్రీ బండి దగ్గర ఆగాడు. ఫోటోలు తీసేవాళ్ళు ముందుకు దూకారు. ఆయన పళని చేతిలోని బొగ్గుల పెట్టె అందుకుని బట్టల మూటలో పైనున్న చీరను పరిచి ఇస్త్రీ మొదలుపెట్టాడు. ఆ చీర నాది. ఫోటో బాగా వచ్చేదాకా ఆయన పెట్టెను కదల్చలేదు. కొంగు మీద ఇస్త్రీపెట్టె అచ్చు దిగిపోయింది.

పళని ఏడుపు మొహంతో ఆ చీర తెచ్చి ఇస్తే నేను కోప్పడ్డానా? లేదు! మామూలు రోజుల్లో మా వీధి ఎక్కడుందో కూడా తెలియని పెద్దమనిషి నా చీరను చేత్తో తాకాడంటే అది ఎన్నికల చలవే కదా? పాపం, అయిదేళ్ళకొకసారి చేసే పని చేతికి అలవాటు కావద్దూ? ఏటా ఎన్నికలు వస్తే ఈపాటికి ఆయన పట్టుచీరలు కూడా ఇస్త్రీ చేసేవాడు.

ఇదేదో నేను కలగన్న సంగతి కాదు. వెనకటికి ఒకచోట ఎన్నికలు ఏటేటా వచ్చేవి. పుస్తకంలో చదివాను.

నేను బడి మెట్లు ఎక్కినదాన్ని కాదు. సౌకార్‌పేట పప్పుల కొట్టువాళ్ళు ఏటా ఇచ్చే తెలుగు క్యాలెండరులో వారాల పేర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. క్యాలెండరుతో ఆకలి తీరక పాత పుస్తకాల మీద పడ్డాను. అట్ట లేని పుస్తకం, మొదలు లేని పుస్తకం, చివర లేని పుస్తకం, ఏది దొరికితే అది. అందువల్ల నాకు చాలా సంగతులు మధ్యలోంచి తెలుసు.

అమెరికాలో మసాచుసెట్స్ అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, జనం ఓట్లతో వస్తాడు. ఆ రోజుల్లో అయితే ఏటా ఎన్నికలు, ఏటా గవర్నరు!

1839 నాటి ఎన్నిక సంగతి చెబుతాను. అంతకు ముందు ఏడాది అక్కడి పెద్దలకు జనం చేత తాగుడు మాన్పించాలనిపించింది. మంచి ఆలోచనే. పదిహేను గాలన్లకు తక్కువైతే సారా అమ్మకూడదని చట్టం చేశారు. పదిహేను గాలన్లంటే ఎంతనుకున్నారు? మా వీధికి నీళ్ళ లారీ వస్తే పట్టుకునే ప్లాస్టిక్ బిందెలు నాలుగు! ఉన్నవాడు నాలుగు బిందెలూ కొని ఇంట్లో పెట్టుకున్నాడు. పొద్దంతా పనిచేసి సాయంత్రం ఒక్క గుక్క చాలనుకునే కూలివాడు ఎక్కడికి పోవాలి?

దానికి ఒక తెలివైనవాడు ఉపాయం కనిపెట్టాడట. ఒక పందికి రంగుతో చారలు వేసి గుడారంలో కట్టేశాడు. చారల పందిని చూడటానికి టికెట్టు. టికెట్టు కొన్నవాడికి లోపల ఒక గ్లాసు ఉచితం. ఒకసారి చూసి వచ్చినవాళ్ళకు ఆ చారలు నిజమా కాదా అన్న అనుమానం తీరక మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసి ఉంటారు. విజ్ఞానం మీద అంత ఆసక్తి!

ఆ చట్టం మీద కోపం ఎన్నికల్లో బయటపడింది. కుర్చీలో ఉన్నాయన బాగా చదువుకున్నవాడు, గొప్ప ఉపన్యాసకుడు. ఎదురు నిలబడినాయన పదేళ్ళకు పైగా ప్రతి ఏడూ నిలబడి ప్రతి ఏడూ ఓడిపోయినవాడు. లక్షకు పైగా ఓట్లు పడ్డాయి. గెలవాలంటే మొత్తంలో సగం దాటాలి. ఆ ఓడిపోయే ఆయనకు సగం మీద ఎన్ని ఎక్కువ వచ్చాయో తెలుసా? ఒక్కటి!

కుర్చీలో ఉన్నాయన పేచీ పెట్టొచ్చు. ఆ ఒక్క ఓటు ఎవడిదో పట్టుకురండి అనొచ్చు. అనలేదు. లేచి ఇంటికి వెళ్ళాడు. గెలిచినాయన కూడా మరుసటి ఏడాది ఓడిపోయి ఇంటికి వెళ్ళాడు. ఏటా ఎన్నికలు ఉంటే ఎంతటివాళ్ళయినా ఇళ్ళకు చేరుకుంటారు. అదీ దానిలోని సుఖం!

ఈ కథ మా ఇంట్లో చాలాసార్లు చెప్పాను. మా ఆయనకు వినబడదు. వదినకు ఆ ఒక్క ఓటు సంగతి ఏమాత్రం పట్టలేదు. పప్పులో రాళ్ళు ఏరుతూ, “ఆ పంది కత ఇంకోసారి చెప్పుమే” అనేది.

ఇప్పుడు వదిన ఓటు గురించి చెప్పాలి. ఆమె మా ఆయనకు అక్క. భర్త పోయాక ఇక్కడికి వచ్చి మాతోనే ఉండిపోయింది. కూరల బండివాడితో తమిళంలో పోట్లాడి, వాడి చేత కరివేపాకు ఊరికే ఇప్పించుకునేంత కాలమైంది. రేషన్ కార్డు ఇక్కడే, గ్యాసు ఇక్కడే, బీపీ డాక్టరు ఇక్కడే. ఓటు మాత్రం పల్లెలో! మావైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడినవాళ్ళలో ఈ అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. మా ఆయన తన ఓటు పెరంబూరుకు మార్చుకుని అక్కది కూడా మార్పిస్తానని ప్రతిసారీ వెంటపడేవాడు. ఒకనాడు ఆమె చేటను పక్కన పెట్టి ఆయన చెవి దగ్గరగా వచ్చి చెప్పింది.

“ఇల్లు పోయె, వరి కయ్యలు పోయె. ఆడ నాదనేది ఆ ఓటొకటే ఉండాది. అది గూడా ఈడికి తెచ్చేసుకుంటే నేను యా వూరిదాన్నిరా?”

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మీకిది మొండితనంగా తోచవచ్చు. అందులోని తెలివి చూడండి! నా ఓటు మా ఇంటి వెనక బళ్ళోనే ఉంది. ఎవరైనా నన్ను బతిమాలారా? ఆటో పంపారా? ‘రాకేం చేస్తుందిలే’ అని ఊరుకున్నారు. వదిన ఓటు వంద కిలోమీటర్ల అవతల ఉంది గనక ఆమెకు బస్సు వచ్చింది!

కాబట్టి మీ ఓటును వీలైనంత దూరంలో పెట్టుకోండి. అంబత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు అంబత్తూరులో ఓటు పెట్టుకుని చెడిపోకండి. సౌకార్‌పేట వ్యాపారులారా, మీది కాశీలో పెట్టుకోండి. ఏటా ఎన్నికలు, ఎక్కడో ఓటు, ఇంటి ముందుకే బస్సు. ఇక తీర్థయాత్రలకు వేరే ఏర్పాట్లు ఎందుకు?

ఆ బస్సు తెచ్చింది యతిరాజులు. మావైపువాడే. అంబత్తూరులో లేత్ మిషను పెట్టుకుని బతుకుతాడు. ఎన్నికలు వస్తే మాత్రం లేత్‌కు తాళం వేసి ఒక అభ్యర్థికి చెన్నై ఓట్ల ఇన్‌ఛార్జి అయిపోతాడు. మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, వదిన ముందు చేతులు జోడించాడు.

“పెద్దమ్మా, మీ ఓటు పడకుంటే మా ఆయన గెలవడు.”

“మీ ఆయన గెలిస్తే నాకేంది, ఓడితే నాకేంది,” అంది వదిన. “కిటికీ కాడ సీటు ఇస్తావా లేదా, అది చెప్పు.”

ఇస్తానన్నాడు. రాజకీయాల్లో అంత సూటిగా తేలిన ఒప్పందం నేను చూడలేదు.

నా భయం నాది. “మళ్ళా ఈడికి తెచ్చి దింపేది ఎప్పుడు నాయనా?” అని అడిగాను.

“అంతా అరేంజ్ చేసేసినామక్కా. మీరు సుమ్మా టెన్షన్ పడబాకండి,” అన్నాడు.

నేను అడిగింది ఎప్పుడని. అతను చెప్పింది టెన్షన్ పడొద్దని. ఈ మనిషి ముందు ముందు చాలా పైకి వస్తాడని అప్పుడే అనుకున్నాను.

పోలింగుకు ముందు రోజు ఉదయం బస్సు వచ్చింది. ఎంత మర్యాద! తలుపు దగ్గర చెయ్యిపట్టి ఎక్కించడానికి ఇద్దరు. ఎక్కినవాళ్ళకు ఇడ్లీ పొట్లం, నీళ్ళ సీసా, ఎండకు టోపీ. యతిరాజులు ఈ చివరి నుంచి ఆ చివరికి తలలు లెక్కపెట్టాడు. ఆ చివరి నుంచి ఈ చివరికి మళ్ళీ లెక్కపెట్టాడు. ఫోనులో వీడియో తీసి అభ్యర్థికి పంపాడు. ఎవరో పెద్దావిడ కొంగు మొహానికి అడ్డం వచ్చిందని ఇంకోసారి తీశాడు. స్కూలు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్ళే టీచర్లు కూడా అంత జాగ్రత్తగా లెక్కపెట్టరు.

వదినకు కిటికీ సీటే దొరికింది. పక్కన మా వెనక వీధి విజయ కూర్చుంది, ఆమెదీ అటువైపు ఓటే. నేను కిటికీ కింద నిలబడి మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, ఎక్కడ దిగకూడదో, ఎవరిచ్చిన నీళ్ళు తాగకూడదో చెబుతూనే ఉన్నాను.

“సెరి సెరి,” అంది వదిన. “పొయ్యి మీద పాలు పెట్టొచ్చినావు. పో.” అద్దం మూసేసింది.

పాలు నిజంగానే పొంగిపోయి ఉన్నాయి.

మర్నాడు పొద్దెక్కాక వదిన విజయ ఫోను నుంచి మాట్లాడింది. గొంతులో పెళ్ళింటి సంబరం. “వేసేసినా మే. కుర్చీ ఏసి కూర్చోబెట్టినారు. మజ్జిగ ఇచ్చినారు. ఎవురెవురో వచ్చి కాళ్ళకు దండం పెట్టినారు.”

“బస్సో?” అన్నాను.

“వస్తాదంట.”

రాలేదు. ఆ బస్సును మాట్లాడుకున్నది ఓట్లు పడేదాకేనట. పడ్డాయి గనక అది ఏదో పెళ్ళివారిని తీసుకుని తిరుపతి వెళ్ళిపోయింది. వదిన కూర్చున్న కుర్చీ కూడా ఓటు వెయ్యాల్సినవాళ్ళు వస్తున్నారని తీసేశారు. యతిరాజులు ఫోను స్విచాఫ్. మెయిన్‌రోడ్డు దాకా నడిచి వెళ్తే అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందని చెన్నై ఓటర్లకు చెప్పారు.

ఇక్కడ మీకు కోపం వస్తుందని తెలుసు. తెచ్చుకోకండి. ఇందులోనూ వరం ఉంది! ఓటు వేసేదాకా ఓటరు మహారాజు. మహారాజుకు వాహనం కావాలి. వేశాక మామూలు మనిషి. మామూలు మనిషికి నడక మంచిదని డాక్టర్లందరూ చెబుతున్నారు కదా? వేలు మీద సిరా చుక్క పడగానే మహారాజును మనిషిగా మార్చేసే మహిమ ఏ మంత్రానికి ఉంది? అభ్యర్థులకు ఆ మహిమ ఉంది. గెలిచినా ఓడినా ఉంది.

మే నెల మిట్టమధ్యాహ్నం. తారు రోడ్డు. బలమున్నవాళ్ళు ముందు నడిచిపోయి దొరికిన లారీలు ఎక్కారు. విజయ వదినతోనే ఆగింది. సగం దారిలో వదిన కూర్చుంటానంది. కూర్చోవడానికి నీడ కావాలి. ఆ దారిలో ఉన్న నీడ ఒక్కటే, అభ్యర్థి నిలువెత్తు ఫ్లెక్సీది. ఆయన నవ్వుతూ చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఆ నీడలో కూర్చుంది.

ప్రణాళికలో చాలా హామీలు ఇచ్చారు గానీ ఆ అభ్యర్థి మా వదినకు నిజంగా ఇచ్చింది ఆ నీడ ఒక్కటే. కృతజ్ఞత ఉండాలి. ఎండ తిరిగేసరికి అది కూడా జరిగిపోయిందని విజయ చెప్పింది.

ఆయన గెలిచాడు. మసాచుసెట్స్‌లో లాగా ఒక్క ఓటుతో కాదు, వేల ఓట్లతో. మా వదిన పెరంబూరులో కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుకున్నా గెలిచేవాడు. ఆ పాతకాలపు ఎన్నికల్లో సగాన్ని దాటించిన ఆ ఒక్క ఓటు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఓటు వేసిన ప్రతివాడూ ఇంటికి వెళ్ళి, అది నాదేనని పెళ్ళాంతో చెప్పుకుని ఉంటాడు. ఇంటికి వెళ్ళి!

పడిన ఓట్లు లెక్కపెట్టడానికి మనకు మిషన్లు ఉన్నాయి. మిషన్లను కాపలా కాయడానికి పోలీసులు ఉన్నారు. పోలీసులను చూడటానికి పరిశీలకులు ఉన్నారు. బస్సు ఎక్కినవాళ్ళను లెక్కపెట్టడానికి యతిరాజులు ఉన్నాడు. దిగినవాళ్ళను ఎవరు లెక్కపెడతారు? ఏ పార్టీ అయినా తన ప్రణాళికలో ఆ ఒక్క ముక్క రాస్తే నా ఓటు దానికే. ఆ పార్టీ ఎవరిదైనా సరే.

మొన్న యతిరాజులు మళ్ళీ వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త ఫోను నంబరు. పల్లెలో సర్పంచ్ ఎన్నికలు రాబోతున్నాయట. నేను కాఫీ ఇచ్చాను. ఇంటికి వచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వకుండా ఉండటం నాకు చేతకాదు.

“పంచాయతీ ఎన్నికలంటే తేడా నాలుగైదు ఓట్లేనక్కా,” అన్నాడు. “ఒక్క ఓటుతో తేలినా తేలతాది. పెద్దమ్మ పేరు ఆడ పదిలంగా ఉండాది, ఎవురూ తియ్యలేదు. బస్సు ఇంటి ముందుకే వస్తాది. యాడ పెద్దమ్మ? లోపల పడుకోనుండాదా?”

మా ఆయనకు ఈ మాట వినబడింది. ఎలా వినబడిందో తెలియదు. గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు.

ఎన్నికలు ఏటా రావాలని నేను ఎందుకంటున్నానో ఇప్పుడైనా అర్థమైందా? ఏటా వస్తే ఇతను మరుసటి ఏడాదే వచ్చి అడిగేవాడు. నేను మరుసటి ఏడాదే చెప్పేదాన్ని. ఒక్క మాట చెప్పడానికి ఇంతకాలం కాచుకుని కూర్చోవాల్సి వచ్చేది కాదు.

చెప్పాను. ఇంద్రజ 2024 మే పన్నెండున, ఆదివారం ఉదయం, ఓటు బస్సు ఎక్కి వెళ్ళింది. పదమూడున మధ్యాహ్నం ఆ దారిలోనే వడదెబ్బకు పోయింది. దహనం అక్కడే చేశారు. ఇంటికి రాలేదు.